ఎఫ్‌పీఎస్ పెంచుకోవడం, ఇన్‌పుట్ ల్యాగ్ తగ్గించుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలది) కొన్నాక నాలుగు నెలలు దాన్ని 60 హెర్ట్జ్‌లోనే వాడాను. "అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో" అని రోజూ మురిసిపోయాను కూడా. ఒకరోజు మా తమ్ముడు వచ్చి డెస్క్‌టాప్ మీద మౌస్ పాయింటర్‌ను రెండుసార్లు గుండ్రంగా తిప్పి, "అన్నా, ఇది 60లోనే ఉందిగా" అన్నాడు. విండోస్ సెట్టింగ్స్‌లో ఒక్క క్లిక్‌తో సరిపోయింది. ఆ నాలుగు నెలల్లో నేను చేయని ప్రయోగం లేదు. రిజిస్ట్రీలో ఏవేవో విలువలు మార్చాను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మూడుసార్లు తీసి మళ్లీ వేశాను, గేమ్‌లో నీడలన్నీ పీకేసి బొమ్మను బోసిగా చేసుకున్నాను.

ఆ దెబ్బతో నాకు వరుస విలువ తెలిసింది. రూపాయి ఖర్చు లేనివి, పొరపాటు ఎక్కువగా జరిగేవి ముందు చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ కొలవాలి. పది సెట్టింగులు ఒక్కసారే మార్చేస్తే, ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

1. అసలు మీ బాధ ఏమిటో తేల్చుకోండి

"గేమ్ ల్యాగ్ అవుతోంది" అన్న ఒక్క మాటతో మనం నాలుగు వేరు వేరు జబ్బుల గురించి మాట్లాడుతుంటాం. బొమ్మ మొత్తం నత్తనడక నడుస్తుంటే అది తక్కువ ఎఫ్‌పీఎస్ (సెకనుకు తయారయ్యే ఫ్రేముల, అంటే బొమ్మల సంఖ్య). బాగానే నడుస్తూ మధ్యమధ్యలో ఠక్కున ఆగి మళ్లీ కదిలితే అది స్టటర్. ఎఫ్‌పీఎస్ అంకె ఘనంగానే ఉన్నా, మౌస్ తిప్పితే గురి వెనకాల ఈడ్చుకుంటూ వస్తున్నట్టు అనిపిస్తే అది ఇన్‌పుట్ ల్యాగ్. మీ కదలిక బాగానే ఉండి, ఎదుటివాళ్లు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే అది నెట్‌వర్క్ సమస్య.

నాలుగోది వేరు చేయడం తేలిక. అదే గేమ్‌ను ప్రాక్టీస్ మోడ్‌లో, నెట్ అవసరం లేకుండా ఆడండి. బాధ పోతే తప్పు నెట్‌ది. వైఫై బదులు ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. కింద చెప్పేవేవీ దానికి మందు కాదు.

2. కొలవడం నేర్చుకోండి

ఎఫ్‌పీఎస్ కన్నా ఫ్రేమ్ టైమ్ ఎక్కువ నిజం చెబుతుంది. ఒక్క ఫ్రేమ్ తయారవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందన్నదే ఫ్రేమ్ టైమ్. 30 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7, 144 అంటే 6.9, 240 అంటే 4.2. 30 నుంచి 60కి వెళ్తే ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు మిగులుతాయి. 144 నుంచి 240కి వెళ్తే మిగిలేది మూడు కూడా ఉండదు. పైకి వెళ్లేకొద్దీ అంకె పెద్దగా పెరుగుతుంది, చేతికి తెలిసే తేడా మాత్రం చిన్నదవుతుంది.

సగటు ఎఫ్‌పీఎస్ ఎలా మోసం చేస్తుందో చూడండి. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కోటి 14 మిల్లీసెకన్లలో వచ్చాయనుకుందాం. అవి 826 మిల్లీసెకన్లు. మిగిలిన 174 మిల్లీసెకన్లూ ఒకే ఒక్క ఫ్రేము మింగేసింది. కౌంటర్ మాత్రం నిక్షేపంగా 60 అని చూపిస్తుంది. కానీ ఆ 174 మిల్లీసెకన్లలో శత్రువు మూల తిరిగి మిమ్మల్ని కాల్చేసి ఉంటాడు. అందుకే '1 శాతం లో' (1% low) అనే అంకె చూడాలి. మరీ నెమ్మదిగా వచ్చిన ఒక్క శాతం ఫ్రేముల సంగతి చెప్పే లెక్క అది. సగటు 120 ఉండి 1 శాతం లో 40 ఉన్న గేమ్ కన్నా, సగటు 90 ఉండి 1 శాతం లో 75 ఉన్న గేమ్ ఆడటానికి హాయిగా ఉంటుంది.

దీనికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ చాలు. ఫ్రేమ్ టైమ్‌ను గీతలా స్క్రీన్ మీద పెట్టుకోండి. గీత చదునుగా సాగాలి. రంపం పళ్లలా లేస్తుంటే ఏదో అడ్డుపడుతోందని అర్థం. కాప్‌ఫ్రేమ్‌ఎక్స్, ఇంటెల్ వాళ్ల ప్రెజెంట్‌మాన్ కూడా ఉచితంగా దొరుకుతాయి.

కొలిచేటప్పుడు ప్రతిసారీ ఒకే చోటు, ఒకే దారి ఎంచుకోండి. గేమ్‌లో బెంచ్‌మార్క్ ఉంటే అదే వాడండి. లేకపోతే సేవ్ చేసిన ఒక చోటి నుంచి ఒక నిమిషం ఒకే దారిలో నడవండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోండి. ఎఫ్‌పీఎస్, 1 శాతం లో, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని చిప్) వాడకం శాతం, ప్రాసెసర్, జీపీయూ రెండింటి ఉష్ణోగ్రత, వీర్యామ్ (గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ) వాడకం నోట్ చేసుకుంటే చాలు.

3. కేబుల్, మానిటర్

ముందు కేబుల్ ఎక్కడుందో చూడండి. డెస్క్‌టాప్ పీసీలో మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి, మదర్‌బోర్డుకు కాదు. మదర్‌బోర్డుకు తగిలిస్తే చాలాసార్లు గేమ్ ప్రాసెసర్‌లోని చిన్న జీపీయూ మీద నడుస్తుంది, పెద్ద కార్డు పక్కన నిద్రపోతుంటుంది. నవ్వులాటలా ఉంటుంది గానీ, "కొత్త కార్డు వేసినా తేడా లేదు" అనేవాళ్ల దగ్గర నేను మొదట అడిగేది ఇదే.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి. మీ మానిటర్ చూపించగలిగిన పెద్ద అంకె అక్కడ లేకపోతే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌కి మారండి. పాత హెచ్‌డీఎంఐ కేబుల్ గానీ, మానిటర్‌లోని పాత హెచ్‌డీఎంఐ పోర్ట్ గానీ అడ్డుపడుతుంటాయి. గేమ్‌లోని వీడియో సెట్టింగుల్లో కూడా రిఫ్రెష్ రేట్ విడిగా ఉండొచ్చు, అదీ చూడండి.

టీవీని మానిటర్‌గా వాడుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేయడం తప్పనిసరి. బొమ్మకు నునుపు, మెరుపు అద్దడానికి టీవీ చేసే పనులన్నీ పదుల మిల్లీసెకన్లు తింటాయి. అంత ల్యాగ్‌ను పీసీ సెట్టింగులతో పూడ్చలేరు. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్లు రంగు మారే వేగం పెంచే సెట్టింగ్) ఉంటే మధ్యస్థంగా పెట్టండి. చివరిదాకా పెంచితే కదిలే వస్తువుల వెనక తెల్లటి నీడ పడుతుంది.

4. అడ్డు ఎవరు: ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా?

నా లెక్కలో మొత్తం పనిలో ఇదే ముఖ్యమైన అడుగు. ఇది చేయకుండా ఏ సెట్టింగ్ మార్చినా చీకట్లో రాయి విసిరినట్టే.

ప్రతి ఫ్రేముకూ రెండు పనులు ఉంటాయి. ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు పోతోంది, ఏయే వస్తువులు గీయాలి అన్నది ప్రాసెసర్ లెక్కగడుతుంది. ఆ జాబితా ప్రకారం జీపీయూ బొమ్మ గీస్తుంది. ఇద్దరిలో నెమ్మదైనవాడి వేగమే మీ ఎఫ్‌పీఎస్.

పరీక్ష ఇలా చేయండి. మీ కొలత చోటుకు వెళ్లి రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. 1080పీలో 20,73,600 పిక్సెళ్లు, 720పీలో 9,21,600. అంటే జీపీయూ పని సగానికి పైగా తగ్గింది. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు. ఉన్నచోటే ఉండిపోతే అడ్డు ప్రాసెసర్ లేదా ర్యామ్. జీపీయూ వాడకం 97, 99 దగ్గర ఉంటే మొదటిది, 60, 70 దగ్గర తచ్చాడుతుంటే రెండోది అని కూడా ఆనవాలు పట్టొచ్చు. ఎఫ్‌పీఎస్ లిమిట్, వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మాత్రం ఈ అంకెలు తప్పుదారి పట్టిస్తాయి, పరీక్ష వరకు రెండూ ఆపండి.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 25 శాతం అని కనిపిస్తే "ఖాళీగానే ఉందిగా" అనుకోవద్దు. 16 థ్రెడ్ల (ఒకేసారి 16 వరసల పని నడపగల) ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే మొత్తం లెక్కలో అది 6.25 శాతమే. గేమ్‌లో ప్రధానమైన పని ఒకట్రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంటే, అవి ఊపిరాడక కొట్టుకుంటున్నా మిగతావి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి.

ఇంకో మాట. ఒకే గేమ్‌లో చోటును బట్టి అడ్డు మారుతుంది. అడవిలో జీపీయూ, జనం కిక్కిరిసిన ఊళ్లో ప్రాసెసర్. మీకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో అక్కడే పరీక్ష పెట్టండి.

5. గ్రాఫిక్స్ కార్డు అడ్డయితే

అన్నీ 'లో' పెట్టేయడం సోమరి పద్ధతి. బొమ్మ చెడుతుంది, లాభం అంతంతమాత్రం. బరువైనవి నాలుగైదే ఉంటాయి, వాటి మెడ పట్టుకోండి.

రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి గీసే పద్ధతి) ఉంటే ముందు అదే ఆపి చూడండి. తర్వాత నీడలు, వాల్యూమెట్రిక్ ఫాగ్, మేఘాలు, రిఫ్లెక్షన్లు, యాంబియంట్ అక్లూజన్. వీటిని అల్ట్రా నుంచి మీడియంకు దించితే ఆడేటప్పుడు తేడా పట్టుకోవడం కష్టం, ఎఫ్‌పీఎస్ మాత్రం కళ్లకు కనపడేలా పెరుగుతుంది. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16లోనే ఉంచండి, ఇవాళ్టి కార్డులకు అది లెక్కలోకి రాదు.

టెక్స్చర్ల (వస్తువుల పైన అతికించే బొమ్మల) కథ వేరు. కార్డులో వీర్యామ్ సరిపోయినంత కాలం టెక్స్చర్లు ఎంత పెంచినా వేగం పెద్దగా తగ్గదు. నిండిపోయిన క్షణాన కార్డు సిస్టమ్ ర్యామ్ వైపు చేయి చాస్తుంది, అక్కడ మొదలవుతాయి కుదుపులు. సగటు బాగుండి 1 శాతం లో మాత్రం ఘోరంగా ఉంటే, వీర్యామ్ వాడకం కార్డు కొలతకు అంటుకుని ఉందేమో చూడండి. ఉంటే టెక్స్చర్లను ఒక్క మెట్టు దించి గేమ్‌ను మళ్లీ మొదలుపెట్టండి.

ఆ తర్వాత అప్‌స్కేలింగ్. ఎన్విడియా డీఎల్ఎస్ఎస్, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్, ఇంటెల్ ఎక్స్ఈఎస్ఎస్ మూడూ చేసేది ఒకే రకం పని. బొమ్మను చిన్న రిజల్యూషన్‌లో గీయించి పెద్దది చేస్తాయి. సాధారణంగా 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది 960పీ. 4కేలో పెర్ఫార్మెన్స్ మోడ్ అయితే 1080పీ. 1440పీ, 4కే మానిటర్లకు ఇది వరమే. 1080పీలో క్వాలిటీ మోడ్ అంటే లోపల 720పీ అన్నమాట. దూరంగా ఉన్న చెట్లూ, కంచెలూ మసకబారుతాయి, పోటీ గేముల్లో దూరపు శత్రువును పట్టుకోవడం కష్టమవుతుంది. 1080పీలో నేనైతే అప్‌స్కేలింగ్‌ను ఆఖరి మార్గంగానే వాడతాను.

ఫ్రేమ్ జనరేషన్‌ను దీంతో కలపొద్దు. అది రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకటో, అంతకన్నా ఎక్కువో కల్పిత ఫ్రేములను చొప్పిస్తుంది. మధ్యలోది తయారు చేయాలంటే రెండో అసలు ఫ్రేము చేతిలో ఉండాలి కాబట్టి దాన్ని కాసేపు ఆపి ఉంచుతుంది. కౌంటర్‌లో అంకె పెరుగుతుంది, చేతికి మాత్రం ల్యాగ్ ఇంకాస్త పెరుగుతుంది. అసలు ఎఫ్‌పీఎస్ 60 దగ్గర్లో ఉండి, కథ గేములు తీరిగ్గా ఆడుతుంటే పెట్టుకోండి. 30 దగ్గర అల్లాడుతున్న గేమ్‌కు అది వైద్యం కాదు, మేకప్.

6. ప్రాసెసర్ అడ్డయితే

ఇక్కడ రిజల్యూషన్ తగ్గించడం దండగ. జనసాంద్రత, వ్యూ డిస్టెన్స్, వస్తువుల డీటెయిల్, ఫిజిక్స్ లాంటివి దించాలి. ఎక్కువ ఫీల్డ్ ఆఫ్ వ్యూ కూడా గీయాల్సిన వస్తువుల జాబితాను పెంచుతుంది. రే ట్రేసింగ్ జీపీయూను మాత్రమే కాదు, ప్రాసెసర్‌ను కూడా నలిపేస్తుంది.

వెనక నడుస్తున్నవి మూసేయండి. అరడజను గేమ్ లాంచర్లు, రంగు లైట్ల సాఫ్ట్‌వేర్లు, ఓవర్‌లేలు, పక్క మానిటర్‌లో వీడియో ఆడుతున్న బ్రౌజర్. ఒక్కొక్కటి ఆపి కొలిస్తే దొంగ దొరుకుతాడు.

ఎక్కువమంది వదిలేసేది ర్యామ్. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 కిట్లు చాలావరకు బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల మెనూలో) ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే ప్రొఫైల్) ఆన్ చేసేదాకా 2133 లేదా 2400 వద్దే నడుస్తాయి. 6000 డీడీఆర్5 కిట్ సాధారణంగా 4800 దగ్గర ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ కింద స్పీడ్ కనిపిస్తుంది. తక్కువ ఉంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా అలాంటిదే అయిన ఎక్స్‌పో ఆన్ చేయండి. ఆన్ చేశాక పీసీ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే ఒక మెట్టు తక్కువ వేగం పెట్టుకోండి. ఇక ర్యామ్ స్టిక్ ఒకటే ఉంటే సింగిల్ చానల్‌లో (డేటాకు ఒకే దారిలో) నడుస్తుంది, ప్రాసెసర్ అడ్డయిన గేముల్లో అది గట్టిగానే దెబ్బతీస్తుంది. రెండు స్టిక్కులుంటే, నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన గుచ్చేసి "రెండున్నాయిగా" అనుకోవడం మామూలే. మీ బోర్డు మాన్యువల్ ఒకసారి తిరగేయండి.

7. వేడి

గేమ్ మొదలుపెట్టిన అయిదు నిమిషాలకు ఒకసారి, నలభై నిమిషాలకు ఒకసారి అదే చోట కొలవండి. రెండో అంకె బాగా తగ్గితే చిప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటోంది. లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 95 నుంచి 100 డిగ్రీల దగ్గర ఉండి, దాని క్లాక్ వేగం జారిపోతుంటే అనుమానమే అక్కర్లేదు.

దుమ్ము దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, వాటిని విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగులు పాడవుతాయి. లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడొద్దు, వెనక భాగం రెండు వేళ్ల ఎత్తు లేపినా తేడా ఉంటుంది. ఛార్జర్ పెట్టే ఆడండి. బ్యాటరీ మీద జీపీయూ పూర్తి వేగం అందుకోదు, మీరు ఏ మోడ్ పెట్టినా సరే. లాప్‌టాప్‌లో మక్స్ స్విచ్ ఉంటే బొమ్మ నేరుగా పెద్ద జీపీయూ నుంచి తెరకు వెళ్లేలా పెట్టుకోండి. ఎఫ్‌పీఎస్, ల్యాగ్ రెండింటికీ మంచిది.

8. ఇప్పుడు ఇన్‌పుట్ ల్యాగ్

మీరు క్లిక్ చేసిన క్షణం నుంచి తెర మీద తుపాకీ మెరిసేదాకా దారి పొడుగ్గానే ఉంటుంది. మౌస్ ఆ క్లిక్‌ను యూఎస్‌బీ ద్వారా పంపాలి. గేమ్ తన తర్వాతి ఫ్రేము మొదలుపెట్టేటప్పుడు దాన్ని చదవాలి. ప్రాసెసర్ లెక్కలు పూర్తిచేసి ఆ ఫ్రేమును జీపీయూ ముందున్న క్యూలో పెట్టాలి. జీపీయూ గీయాలి. గీసిన బొమ్మను మానిటర్ పైనుంచి కిందికి వరసగా చూపించాలి.

వీటిలో అసలు దోషి ఆ క్యూ. జీపీయూ 99 శాతం పనిలో మునిగి ఉంటే, ప్రాసెసర్ ముందుగానే తయారుచేసిన ఫ్రేములు దాని ముందు వరసకట్టి నిలబడతాయి. 60 ఎఫ్‌పీఎస్ దగ్గర రెండు ఫ్రేములు వేచి ఉంటే, అక్కడే 33 మిల్లీసెకన్లు పాతబడిపోయాయి. మీరు ఇప్పుడు చేసిన క్లిక్ ఆ వరస చివర చేరుతుంది. అందుకే ఒక్కోసారి ఎఫ్‌పీఎస్‌ను కాస్త తగ్గించి కట్టేస్తే గేమ్ ఇంకా చురుగ్గా అనిపిస్తుంది. నమ్మబుద్ధి కాదు గానీ, చేసి చూడండి. మీ గేమ్ 80 నుంచి 100 మధ్య ఊగుతుంటే 78 దగ్గర లిమిట్ పెట్టండి. జీపీయూ వాడకం 95 లోపు దిగుతుంది, క్యూ ఖాళీ అవుతుంది, ఫ్రేమ్ టైమ్ గీత కూడా చదునవుతుంది. లిమిట్ పెట్టే సౌకర్యం గేమ్‌లోనే ఉంటే అదే వాడండి, సాధారణంగా దాంతోనే ల్యాగ్ తక్కువ. లేకపోతే రివాట్యూనర్.

ఈ క్యూను తనంతట తానే అదుపులో ఉంచేదే ఎన్విడియా రిఫ్లెక్స్. 2020లో వచ్చింది. గేమ్‌లో ఆ ఆప్షన్ కనిపిస్తే కళ్లు మూసుకుని ఆన్ చేయండి. ఏఎండీకి యాంటీ-ల్యాగ్ 2 ఉంది, అదీ గేమ్ లోపలే ఉంటుంది. గేమ్‌లో రిఫ్లెక్స్ లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో లో లేటెన్సీ మోడ్‌ను అల్ట్రా చేయండి. అది డైరెక్ట్‌ఎక్స్ 12 (గేమ్ జీపీయూతో మాట్లాడే ఒక విండోస్ పద్ధతి) గేముల్లో పనిచేయదు, అక్కడ క్యూ గేమ్ చేతిలోనే ఉంటుంది. గేమ్ ఒప్పుకోని దారిలో ల్యాగ్ తగ్గించబోతే ఏమవుతుందో 2023 అక్టోబర్‌లో అందరూ చూశారు. ఏఎండీ డ్రైవర్‌లోని యాంటీ-ల్యాగ్ ప్లస్ గేమ్ కోడ్‌లో వేలు పెట్టడంతో కౌంటర్-స్ట్రైక్ 2 ఆటగాళ్లు బ్యాన్ అయ్యారు, చివరికి ఏఎండీ ఆ ఫీచర్‌ను వెనక్కి తీసుకుంది.

వీ-సింక్ విషయం. మామూలు మానిటర్‌లో వీ-సింక్ ఆన్ చేస్తే బొమ్మ చిరగదు (రెండు ఫ్రేముల ముక్కలు ఒకేసారి తెర మీద కనపడవు) గానీ, ఫ్రేములు మానిటర్ కోసం ఎదురుచూస్తాయి, మౌస్ బరువెక్కుతుంది. పోటీ గేముల్లో ఆపేయండి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 60 దాటిన ఎఫ్‌పీఎస్ వృథా అనేవాళ్లున్నారు. బొమ్మ అన్నిసార్లు మారకపోయినా, తెర మీదికి వచ్చేది ఇంకా తాజా ఫ్రేము కాబట్టి ల్యాగ్ తగ్గుతుంది.

జీ-సింక్ లేదా ఫ్రీసింక్ (ఫ్రేములు వచ్చే వేగాన్ని బట్టి మానిటరే తన రిఫ్రెష్ రేటు మార్చుకునే సౌకర్యం) ఉన్న మానిటర్ అయితే లెక్క మారుతుంది. మానిటర్ మెనూలోనూ, డ్రైవర్ ప్యానెల్‌లోనూ దాన్ని ఆన్ చేయండి. డ్రైవర్‌లో వీ-సింక్ ఆన్, గేమ్‌లో ఆఫ్. ఎఫ్‌పీఎస్‌ను రిఫ్రెష్ రేటుకు మూడు నాలుగు కింద కట్టేయండి, 144 హెర్ట్జ్ అయితే 140. ఆ హద్దు దాటితే మానిటర్ మళ్లీ మామూలు వీ-సింక్‌లోకి జారి, పోయిన ల్యాగ్ తిరిగొస్తుంది. రిఫ్లెక్స్ కూడా ఆన్‌లో ఉంటే అదే 138 దగ్గర ఆపుతుంది, మీరు వేరే లిమిట్ పెట్టక్కర్లేదు.

మౌస్ సంగతి చిన్నదే. పోలింగ్ రేట్ 125 హెర్ట్జ్ అంటే ఎనిమిది మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 అంటే ఒక మిల్లీసెకనుకు ఒకసారి కబురు పంపుతుంది. 1000 పెట్టండి. 8000 మౌస్‌లు ప్రాసెసర్‌కు అదనపు పని పెడతాయి, పాత ప్రాసెసర్లలో ఎఫ్‌పీఎస్ తగ్గొచ్చు. వైర్‌లెస్ అయితే బ్లూటూత్ కాకుండా దాంతో వచ్చిన డాంగిల్ వాడి, డాంగిల్‌ను మౌస్‌కు దగ్గరగా పెట్టండి. విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ ఆపేయండి. అది ల్యాగ్ కాదు గానీ, చేతి వేగాన్ని బట్టి పాయింటర్ దూరం మారిపోతుంటే గురి అలవాటు కాదు.

9. ఫోన్‌తో ల్యాగ్ కొలవండి

చాలా ఫోన్లలో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటుంది. అంటే వీడియోలో ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. ఫోన్‌ను ఏదైనా స్టాండుకు ఆనించి, మౌస్ మీద మీ వేలు, తెర మీద తుపాకీ మొన రెండూ ఒకే ఫ్రేములో కనపడేలా పెట్టండి. మౌస్‌ను పైకెత్తి తెర పక్కనే పట్టుకుంటే పని సులువు. గది లైట్లన్నీ వేయండి. పదిసార్లు కాల్చండి, ఒక్కో షాట్‌కు మధ్య రెండు సెకన్ల విరామం.

ఇప్పుడు వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ చూడండి. బటన్ అడుగుకు తగిలి వేలు ఆగిన ఫ్రేము నుంచి, తుపాకీ మొన దగ్గర మొదటి మెరుపు కనపడిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. పన్నెండు ఫ్రేములు వస్తే సుమారు 50 మిల్లీసెకన్లు. ఒక షాట్ 10, ఇంకోటి 14 రావడం సహజం, మీ క్లిక్ గేమ్ ఫ్రేము మొదట్లో పడిందా చివర్లో పడిందా అన్నదాన్ని బట్టి మారుతుంది. పదింటి సగటు తీసుకోండి. వీ-సింక్ ఆన్, ఆఫ్ చేసి రెండుసార్లు ఇలా కొలిస్తే తేడా కళ్లారా చూస్తారు. గేమ్‌లో యానిమేషన్ ఆలస్యం కూడా ఈ అంకెలో కలిసి ఉంటుంది కాబట్టి ఒక గేమ్ అంకెను ఇంకో గేమ్ అంకెతో పోల్చొద్దు. అదే గేమ్‌లో మార్పుకు ముందు, తర్వాత అన్నదే లెక్క.

10. విండోస్, డ్రైవర్లు

సెట్టింగ్స్‌లో గేమింగ్ కింద గేమ్ మోడ్ ఆన్ ఉంచండి, క్యాప్చర్స్‌లో వెనకాల రికార్డ్ చేసే ఆప్షన్ ఆపేయండి. విండోస్ 11లో డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దగ్గర ఆప్టిమైజేషన్స్ ఫర్ విండోడ్ గేమ్స్ ఆన్ చేస్తే, డైరెక్ట్‌ఎక్స్ 10, 11 గేములను విండోలో ఆడేటప్పుడు ల్యాగ్ తగ్గుతుంది. లాప్‌టాప్‌లో ఒక గేమ్ చిన్న జీపీయూను పట్టుకుని వేలాడుతుంటే, అదే పేజీలో ఆ గేమ్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

డ్రైవర్ అప్‌డేట్ చేశాక గేమ్ చెడితే వెనకటి వెర్షన్‌కు వెళ్లడం తప్పేమీ కాదు. డ్రైవర్ మారిన తర్వాత, గేమ్ అప్‌డేట్ అయిన తర్వాత మొదటి అరగంట కుదుపులు రావడం మామూలు, షేడర్లు (ఎలా గీయాలో జీపీయూకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతుంటాయి. గేమ్ మొదట్లో "షేడర్లు కంపైల్ అవుతున్నాయి" అని చూపిస్తే దాటేయకండి, కాస్త ఆగండి. గేమ్ హార్డ్ డిస్క్‌లో ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. సగటు ఎఫ్‌పీఎస్ పెరగదు గానీ, కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా వచ్చే కుదుపులు తగ్గుతాయి.

ఎఫ్‌పీఎస్ బూస్టర్లు, ర్యామ్ క్లీనర్లు, ఎవరో ఇచ్చిన రిజిస్ట్రీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు. ర్యామ్ క్లీనర్ ఖాళీ చేసిన డేటాను గేమ్ మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది, ఉన్న కుదుపులకు ఇంకొన్ని తోడవుతాయి. విండోస్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ అనే సెట్టింగ్ ఆపితే కొంత వేగం వస్తుందన్నది నిజమే, ముఖ్యంగా పాత ప్రాసెసర్లలో. కానీ అది మాల్వేర్ నుంచి విండోస్ కెర్నల్‌ను కాపాడే పొర. బ్యాంకు పనులు చేసుకునే పీసీలో నేనైతే ఆపను.

ఇవన్నీ అయ్యాక కూడా సరిపోకపోతే అప్పుడు డబ్బు గురించి ఆలోచించండి. నాలుగో అడుగులో రాసుకున్న నోట్ తీసి చూడండి. అడ్డు ప్రాసెసర్ అని తేలి ఉంటే, ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెచ్చినా అదే చోట అదే ఎఫ్‌పీఎస్ వస్తుంది. స్టిక్ ఒక్కటే ఉంటే ముందు రెండో ర్యామ్ స్టిక్ కొనండి, వీలైతే మొదటి దాని మోడలే. కార్డు మార్చేటప్పుడు మాత్రం పవర్ సప్లై దానికి సరిపోతుందో లేదో కొనకముందే చూసుకోండి.